జైపాల్ కుట్టిన ఛాంపియన్ బెల్టు

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డుకు తిరిగితే బండ్ల సామాన్ల షాపులు వరసగా ఉంటాయి. అందులో జైపాల్‌ది సీటు కవర్ల షాపు. దాని పక్కనే నంబర్ ప్లేట్లకు రేడియం అక్షరాలు కత్తిరించి అంటించే డబ్బా నాది. మా ఇద్దరికీ మధ్య ఒక రేకు గోడ. ఆ గోడకు జైపాల్ వైపు ఒక మేకు ఉంది. నేను వచ్చినప్పటి నుంచీ అది ఖాళీగానే ఉంది. కత్తెర తగిలించుకోవడానికి కూడా దాన్ని వాడనివ్వడు.

ఆ మేకుకు ఉండాల్సింది ఒక బెల్టు. టీవీలో వచ్చే అమెరికా కుస్తీల్లో గెలిచినవాడు భుజాన వేసుకుని తిరుగుతాడే, అలాంటిది. జైపాల్ తన చేత్తో కుట్టాడు. నల్ల రెగ్జిన్, లోపల ఆటో సీటుకు వేసే ఫోమ్, అంచుల వెంట జంట కుట్టు. నడుమ ఒక పాత స్కూటర్ హెడ్‌లైట్ రింగు, అందులో గుండ్రటి రేకు. రేకు మీద ఎర్ర రేడియంతో ‘ఛాంపియన్’ అని ఉంటుంది. దాని కింద గెలిచినవాడి పేరు. పేరు మారినప్పుడల్లా పాత అక్షరాలు బ్లేడుతో గీకి కొత్తవి అంటించడం ఈ డబ్బా నడిపేవాడి పని. నాకు మాత్రం ఆ పని పడలేదు. నా కాలమంతా దాని మీద ఒకటే పేరు, భానుమూర్తి.

భానుమూర్తి సార్ దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పేవాడు. తణుకు దగ్గర ఊరు. మూసారాంబాగ్‌లో అద్దెకుండేవాడు. నేను కూడా సర్కారు కొలువు కోసమే ఈ ఊరు వచ్చి, ఆయన క్లాసులో ఒక ఏడాది వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయనకు నేను గుర్తు లేను. అంత పెద్ద హాల్లో ఎవరు గుర్తుంటారు. నేనూ గుర్తు చేయలేదు. పరీక్ష పోయింది, ఇంకోటి వాయిదా పడింది, తర్వాత నేను రేడియం కత్తిరించడం నేర్చుకున్నాను. పాత పుస్తకాలు చదవడం ఒక్కటే మానలేదు. అది వేరే సంగతి.

వాళ్ళిద్దరూ కలిసింది ఒక చిరిగిన స్కూటర్ సీటు దగ్గర. సార్ సీటు ఇచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. షాపులో ఉన్న చిన్న టీవీలో కుస్తీ నడుస్తోంది. జైపాల్ కుడుతూ ఒక కంట చూస్తున్నాడు.

“ఆ పొట్టివాడు గెలుస్తాడయ్యా” అన్నాడు సార్.

“ఎట్ల గెలుస్తడు సార్? నడుం ఇరిగింది కదా వానికి.”

“అందుకే గెలుస్తాడు. ఇంతసేపు తన్నులు తిన్నవాడికి ఇవ్వకపోతే జనం ఊరుకోరు.”

పొట్టివాడు గెలిచాడు. సీటు తయారైనా సార్ లేవలేదు. ఆ రోజు మొదలైంది. ఆ కుస్తీలు అమెరికాలో అయిపోయాక ఎన్నో రోజులకు గానీ మన టీవీలో వచ్చేవి కావు. ఫలితం అప్పటికే లోకానికి తెలిసిపోయి ఉండేది. అందుకని ఆ వారం నెట్ సెంటర్‌కు వెళ్ళొచ్చిన కుర్రాడెవడైనా షాపు ముందుకొస్తే, నోరు తెరవకముందే జైపాల్ బయటికి పంపేవాడట. బండి పని పోయినా సరే.

తర్వాత బెల్టు వచ్చింది, దానికి రూల్సు వచ్చాయి. రూల్సన్నీ జైపాల్‌వే. ఏడాదికోసారి జరిగే పెద్ద కుస్తీల్లో ఆఖరి పోటీ మీదనే పందెం. బెల్టు ఎవరి దగ్గరుంటే వాడు ముందు తన మనిషిని కోరుకుంటాడు. మిగిలినవాడు రెండోవాడికి. ఎటూ తేలకుండా ఆగిపోతే బెల్టు చేతులు మారదు. పోటీ జరిగినంతసేపూ అది కటింగ్ బల్ల మీద ఉండాలి. గెలిచినవాడు భుజాన వేసుకుంటాడు, ఓడినవాడు ఎదురు హోటల్‌కు పోయి చాయ్ పట్టుకొస్తాడు. ఇచ్చినా పుచ్చుకున్నా ఈ బల్ల దగ్గరే, మనిషికి మనిషి ఎదురుగా.

“అదంతా నాటకం కదన్నా” అని నేనొకసారి అన్నాను. అప్పుడు నాకు ఎవరిదీ ఏదీ నచ్చని రోజులు. ఇప్పుడు కూడా పెద్ద తేడా లేదు.

“ఎర్కే” అన్నాడు జైపాల్, సూదిలో దారం ఎక్కిస్తూ. “గెలుసుడు రాసి పెట్టుంటది. దెబ్బ రాసి పెట్టుండదు. కుర్చీతోని ఈపు మీద కొడితే మండేది వానికే.”

తుర్కయంజాల్ వైపు జైపాల్ వాళ్ళ నాయన మట్టయ్య అమ్మేసిన చెలకలో ఇప్పుడు నాలుగంతస్తుల ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళే బండ్లు తెచ్చి ఈయన దగ్గర సీట్లు కుట్టించుకుంటారు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడడు. కుస్తీల గురించే మాట్లాడతాడు.

ఆ బెల్టు కథల్లో ఒకటి ఆయన నోటా, భార్య పద్మలత నోటా చాలాసార్లు విన్నాను. రాష్ట్రం కోసం ఊరేగింపులు జరుగుతున్న రోజులు. జైపాల్ షట్టర్ దించేసి ఊరేగింపులకు పోయేవాడు. బెల్టు సార్ దగ్గరుంది. సార్ కొన్ని నెలలుగా షాపు వైపు రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు, ఆయనే రాలేదు. పెద్ద కుస్తీ రోజు పొద్దున సగం వేసిన షట్టర్ కింద నుంచి వంగి చూశాడట, చంకలో పేపర్లో చుట్టిన బెల్టుతో.

“లోపలికి రమ్మంటావా, ఇటునుంచి ఇటే మా ఊరు వెళ్ళిపొమ్మంటావా?”

“పోతే పోన్రి సార్. కానీ పోయేటోడు బెల్టు ఓడిపోయి పోవాలె. టీవీల సూడున్రి, కంపెనీ ఇడిసి పోయే ప్రతి ఒక్కడు ఆఖరి కుస్తీ ఓడే పోతడు. ఉండేటోనికి ఇచ్చి పోతడు. గట్ల సంకల పెట్టుకొని పోతానంటే ఎట్ల?”

ఆ ఏడు జైపాల్ గెలిచాడు. సార్ లేచి చొక్కా సర్దుకుని, “మరి ఓడిపోయాను కదా. ఇంక బయల్దేరనా?” అన్నాడట.

“చాయ్ తెచ్చినంక పోన్రి” అన్నాడట జైపాల్.

పద్మలత కథలో ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ నవ్వుతుంది. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత ఇంగ్లిషు పుస్తకంలో నేను తర్వాత చదివాను. జైపాల్ చెప్పింది నిజమే. వేరే చోటికి పోయే మల్లుడు చివరి ఆటలో వెల్లకిలా పడి, ఉండిపోయేవాడిని పెద్ద చేసి పోవాలి. అది వాళ్ళ వృత్తిలో మర్యాద. ఆయనకు ఇంగ్లిషు రాదు. టీవీ చూసి పట్టేశాడు.

ఈ ఏడు ఎండలు ముదరక ముందు ఒక మధ్యాహ్నం సార్ వచ్చాడు. జైపాల్ బుల్లెట్ సీటుకు కవర్ లాగి మేకులు కొడుతున్నాడు.

“రాజమండ్రి వెళ్ళిపోతున్నాం జైపాల్.”

పెదాల మధ్య మేకులు తీయకుండానే, “ఎప్పుడొస్తరు?” అన్నాడు జైపాల్.

“రావడానికి కాదయ్యా. ఇల్లు ఖాళీ చేసేస్తున్నాం. మా బావమరిది అక్కడ స్కూలు పెట్టాడు.”

జైపాల్ మేకులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు.

“నా క్లాసులన్నీ వీడియో తీసి పెట్టుకున్నారు” అన్నాడు సార్. “ఇప్పుడు హాల్లో అవే వేస్తున్నారు. నేను చెప్పేదే చెప్తోందది. మధ్యలో మంచినీళ్ళు కూడా తాగదు. ఇంక నేనెందుకు చెప్పు.”

అది కోపంగా అనలేదు. వడ్డీ లెక్క చెప్పినట్టు చెప్పాడు. నా వెనక బెంచీ గుర్తొచ్చింది. ఆ వీడియోలో ఎక్కడో నా తల కూడా ఉండే ఉంటుంది అనిపించింది. అంతే.

“మరి బెల్టు?” అన్నాడు జైపాల్.

“పెద్ద కుస్తీ చూశాకే బయల్దేరతాం. అందుకోసం మా ఆవిడతో నేనొక కుస్తీ పట్టాల్సొచ్చింది.”

అప్పటి నుంచి జైపాల్‌కు ఇంకో ధ్యాస లేదు. ఈసారి గెలవకపోతే బెల్టు రాజమండ్రి పోతుంది. బల్ల ఇక్కడ, బెల్టు అక్కడ. ఫోన్లో పందెం కట్టుకోవచ్చు కదా అన్నాను.

“ఫోన్ల బెల్టు ఎట్ల మారుతది శ్రీకర్? చెయ్యి బయటికొస్తదా అండ్లకెల్లి?”

ఈ ఏడు ఆఖరి పోటీ ఒక ముసలాయనకూ ఒక పడుచువాడికీ. వాళ్ళ అసలు పేర్లు మా షాపుల్లో ఎవరూ వాడరు. పడుచువాడికి నడుం దాకా జుట్టు, అందుకని గుర్రం. అతనే ఛాంపియన్. రెండోవాడు ముసలోడు. జైపాల్ కుర్రతనంలోనే పేరున్నవాడు. ఎన్నోసార్లు ఇదే ఆఖరని ఏడ్చి మళ్ళీ వచ్చినవాడు. గుర్రమే గెలుస్తుందని చూసేవాళ్ళందరికీ తెలుసు. సార్‌కు మరీ తెలుసు. ముందు కోరుకునేది సారే కాబట్టి జైపాల్‌కు మిగిలేది ముసలోడు.

కాబట్టి ముసలోడు గెలవాలి. జైపాల్ తన మనసును అటు తిప్పుకున్నాడు. ఆ ముసలోడంటే ఆయనకు ఒకప్పుడు గిట్టేది కాదు. పాత రోజుల్లో వాడు జైపాల్ అభిమాన వీరుడిని వెనక నుంచి కొట్టి బెల్టు గుంజుకున్నాడు, దాన్ని ఆయన మరచిపోలేదు. అయినా కుడుతూ కుడుతూ వాడి పాత కుస్తీలు ఫోన్లో పెట్టుకుని చూసేవాడు. సాయంత్రం రేకు గోడ కొట్టి నన్ను పిలిచేవాడు.

“మోకాలు సూడు. పట్టీ లేదిప్పుడు. బాగైనట్టుంది.”

“యాక్టింగేమో అన్నా.”

“మోకాలు యాక్టింగ్ ఎట్ల చేస్తది?”

ఇంకోరోజు అన్నాడు, “గా వయసుల గెలిస్తే ఎట్లుంటదో వానికి. ఇంట్ల ఎవరన్న నమ్ముతరా.” ఆ నెలలో ఆ ముసలివాడిని ఇంతగా కోరుకున్న మనిషి వాడి దేశంలో కూడా ఉండి ఉండడు.

ఆ పొద్దున సార్ బెల్టు సంచిలో పెట్టుకుని మెట్రో దిగి వచ్చాడు. పద్మలత ఉప్మా పంపింది. ఫోను కుట్టు మిషనుకు ఆనించి పెట్టాం. బెల్టు బల్ల మీద పెట్టారు. ఆఖరి పోటీ ముందు ఇద్దరూ దాని మీద చెయ్యి వేశారు.

“కోరుకోండ్రి సార్” అన్నాడు జైపాల్.

“ముసలోడు” అన్నాడు సార్.

నేను సార్ మొహం చూశాను. ఆయన ఫోను వైపు చూస్తున్నాడు.

“జర సోచాయించి చెప్పున్రి.”

“ఆలోచించే చెప్పానయ్యా. ముసలోడు నాకు. గుర్రం నీకు.”

“గుర్రం గెలుస్తదని మీకెర్క.”

“బెల్టున్నవాడి ఇష్టం కదా. రూలు నీదే.”

జైపాల్ బెల్టు మీద నుంచి చెయ్యి తీశాడు. పోయేటోడు ఓడిపోయి పోవాలె. ఎన్నో ఏళ్ళ కింద సగం షట్టర్ దగ్గర నవ్వులాటకు అన్న మాట. సార్ దాన్ని దాచుకున్నాడు. ఇప్పుడు బాకీ తీర్చినట్టు తిరిగి కట్టేస్తున్నాడు. జైపాల్‌కు అర్థమైంది, నాకూ అర్థమైంది.

“నాకు దానం జేస్తున్నరా?” అని అడిగాడు జైపాల్.

“ఉప్మా చల్లారిపోతోంది, తిను” అన్నాడు సార్.

పోటీ మొదలైంది. గుర్రం ముసలోడిని తాళ్ళ మీదికి విసిరింది. ముసలోడు కింద పడ్డాడు. సార్ ముందుకు వంగి, పసివాడిని నిద్రపుచ్చుతున్నట్టు మెల్లగా, “పడుకో నాయనా. లేవకు. పడుకో” అంటున్నాడు. రిఫరీ ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు. ముసలోడు భుజం లేపాడు. సార్ నాలుక చప్పరించాడు.

జైపాల్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. గుర్రం దెబ్బ వేసినప్పుడు ఆయన మొహంలో ఏమీ లేదు. ముసలోడు మోకాలు పట్టుకుని లేస్తుంటే మాత్రం ఆయన కుడికాలు మిషను పెడలు మీద కదిలింది. సూది ఒట్టినే పైకీ కిందికీ ఆడింది. నెల రోజులు నేర్పిన మనసు కదా, ఒక్క మాటతో పక్క మార్చదు.

మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేచాడు. చివరికి గుర్రం పై తాడు మీది నుంచి దూకితే ముసలోడు పక్కకు జరిగాడు. గుర్రం నేలకు కొట్టుకుంది. ముసలోడు దాని మీద అడ్డంగా పడ్డాడు, పాకుతూ వచ్చి పడ్డాడు. ఒకటి. రెండు. మూడు.

ఫోనులో లక్షమంది అరుస్తున్నారు. బయట ఒక బస్సు హారన్ కొడుతూ పోయింది.

“వీడికి ఇంత వయసొచ్చినా బుద్ధి రాలేదు” అన్నాడు సార్, తనలో తను.

జైపాల్ లేచాడు. బెల్టు తీసి సార్ భుజాన వేశాడు. అది జారిపోతుంటే సరిచేశాడు. హోటల్‌కు పోయి మూడు చాయ్‌లు పట్టుకొచ్చాడు. తాగాం. సామాన్ల లారీ వెళ్ళిపోయిందనీ, మర్నాడు పొద్దున ఎల్‌బీ నగర్‌లో బస్సు ఎక్కుతామనీ సార్ చెప్పాడు. వెళ్ళేటప్పుడు జైపాల్ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఏదో అనబోయి, “మిషనుకు నూనె వెయ్యి, గోల చేస్తోంది” అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం రెగ్జిన్ ముక్కలు సర్దుతుంటే వాటి అడుగున బెల్టు దొరికింది. జైపాల్ దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మేకు అక్కడే, తల ఎత్తితే కనిపిస్తుంది. తగిలిస్తాడనుకున్నాను. తగిలించినా ఎవరు అడుగుతారు. గెలిచినవాడే వదిలిపెట్టి పోయాడు.

ఆయన రేకు గోడ కొట్టాడు. “శ్రీకర్. అక్షరాలు లేచిపోయినయి. కొత్తయి కొట్టు.”

“ఏ పేరు?”

“ఏ పేరేంది? గెలిసినోనిది.”

పాత అక్షరాలు గీకి, మళ్ళీ అవే అక్షరాలు కత్తిరించి అంటించాను. భానుమూర్తి. ఆ బెల్టు మీద నేను చేసిన మొదటి పని అది.

మర్నాడు నన్ను కూడా రమ్మన్నాడు. చౌరస్తా దాటాక, ఆంధ్రా బస్సులు ఆగే చోట సార్, ఆయన భార్య నాగేశ్వరి గారు రెండు బ్యాగులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. జైపాల్ చేతిలో బెల్టు ముందు ఆవిడే చూసింది.

“ఏవండీ, మళ్ళీ వచ్చిందిది. మర్చిపోయానన్నారుగా.”

“మర్సిపోయిన్రు అమ్మా, అందుకే తెచ్చిన” అన్నాడు జైపాల్.

“మర్చిపోలేదయ్యా” అన్నాడు సార్. “ఉంచుకో. నువ్వు కుట్టిందే కదా.”

“కుట్టింది నేనే. గెలిసింది మీరు. గెలిసినోడు ఇడిసిపెడితే నేను తీసుకుంటే అది బెల్టు కాదు సార్, రెగ్జిన్ ముక్క. అసొంటియి నా షాపుల శాన ఉన్నయి.”

“నువ్వే కదా అన్నావు అప్పుడు. పోయేటోడు ఓడిపోయి పోవాలని.”

“అన్న.” జైపాల్ రోడ్డు వైపు చూశాడు. “గప్పుడు మీరు నిజంగ పోతరనుకోలే.”

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెమట పట్టి ఉంటుంది, ఎండ అప్పుడే ఎక్కింది. “నేను ఓడిపోదామనే చూశానయ్యా. వాడు చావలేదు.”

“సూసిన కదా. నేను మాత్రం వాడు గెలవాలెననే ఉన్న నెల దినాల నుంచి.”

సార్ ఆయన మొహంలోకి చూశాడు. ఇది ఆయనకు తెలియదు. చెయ్యి చాచాడు. జైపాల్ బెల్టు ఇచ్చాడు. ఇన్నేళ్ళలో బల్ల దగ్గర కాకుండా అది చేతులు మారడం ఇదే మొదలు. కాదు, మారలేదు. వెళ్ళాల్సిన చేతికే వెళ్ళింది.

బస్సు వచ్చింది. కండక్టర్ “తొందరగా ఎక్కండి” అంటున్నాడు. నాగేశ్వరి గారు ఎక్కుతూ, “రాజమండ్రి రావయ్యా జైపాల్, పద్మలతను తీసుకుని” అంది. వస్తానన్నాడు. రాడని అందరికీ తెలుసు. షాపు మూస్తే ఆ రోజు సంపాదన లేనట్టే.

బస్సు కదిలాక కిటికీలోంచి కనిపించింది. ఆవిడ బెల్టును మడిచి మెడ వెనక తలగడలా పెట్టుకుంది. హెడ్‌లైట్ రింగు బయటికి తిరిగి ఎండకు ఒకసారి మెరిసింది. సార్ అటువైపు సీట్లో ఉన్నాడు, కనిపించలేదు.

“ఫోమ్ మంచిదే ఏసిన” అన్నాడు జైపాల్.

నడుచుకుంటూ వచ్చాం. షాపు ముందు ఒక కుర్రాడు చిరిగిన సీటుతో ఎదురు చూస్తున్నాడు. జైపాల్ షట్టర్ ఎత్తి, సీటు తిప్పి చూసి, నల్లదా బ్రౌనా అని అడిగాడు. కత్తెర కోసం వెతికి, అది బల్ల కింద దొరికాక బల్ల మీద పెట్టుకున్నాడు. మేకు దగ్గరికి పోలేదు. కాసేపటికి రేకు గోడ అవతల మిషను మొదలైంది. నూనె వేయలేదు, గోల చేస్తోంది.